ఎమ్మెల్యే అడిగారు, మంత్రి చెప్పారు, డాక్టరు మాత్రం రాలేదు

మీరు రాసినదాన్ని నాకు అర్థమైనట్టు చెబుతాను. మీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏడాదిన్నరగా డాక్టరు లేరు. ఊళ్లవాళ్లంతా కలిసి ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లారు. ఆయన మాట నిలబెట్టుకుని శాసనసభలో ప్రశ్న వేశారు. ఆ కేంద్రంలో రెండు వైద్యాధికారి పోస్టులూ భర్తీ అయ్యే ఉన్నాయని మంత్రి సమాధానం ఇచ్చారు. పత్రికలో చిన్న వార్త కూడా వచ్చింది. ఆసుపత్రి తలుపు మాత్రం నర్సమ్మే తీస్తోంది. మంత్రి సభలో అబద్ధం చెప్పవచ్చా, ఇలాంటప్పుడు ఈ ప్రశ్నోత్తరాల తతంగం దేనికి అని మీరు అడిగారు.

మంత్రి అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. ప్రశ్న తప్పుగా రాసి ఉంటారు. సమాధానాలు తయారుచేసే వైపు చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ని కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను. ఒక ప్రభుత్వ శాఖలో గుమాస్తాగా చేరి పర్యవేక్షకుడిగా రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం శాసనసభ ప్రశ్నల సెక్షన్‌లోనే గడిచింది. వాటిని ఆఫీసుల్లో ఎల్‌ఏక్యూ అంటారు. మండలి నుంచి వస్తే ఎల్‌సీక్యూ.

మీ విషయంలో ఏమి జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 'డాక్టరు పోస్టు ఖాళీగా ఉన్న మాట వాస్తవమేనా' అని మీ ఎమ్మెల్యే అడిగి ఉంటారు. పోస్టు ఖాళీగా లేదు. ఇద్దరు డాక్టర్లు ఆ కేంద్రం పద్దు మీదే జీతం తీసుకుంటున్నారు. ఒకరు డిప్యుటేషన్ మీద జిల్లా కేంద్రంలో ఉంటారు, ఇంకొకరు పీజీ చదువుకో దీర్ఘకాలిక సెలవుకో వెళ్లి ఉంటారు. జిల్లా వైద్య ఆరోగ్య అధికారి కార్యాలయంలో రిజిస్టరు తెరిచి చూస్తే రెండు పోస్టులకు ఎదురుగా రెండు పేర్లు ఉంటాయి. కాబట్టి సమాధానం 'కాదండీ'. తర్వాత భాగంలో 'అయినచో, భర్తీకి తీసుకుంటున్న చర్యలు ఏమిటి' అని అడిగి ఉంటారు. దానికి 'ప్రశ్న ఉత్పన్నం కాదు'. ఫైలు మూసేశారు. అలాంటివి నేనూ నా చేత్తో రాశాను. గర్వంగా చెప్పడం లేదు.

మంజూరైన పోస్టు, భర్తీ అయిన పోస్టు, పనిచేస్తున్న మనిషి మూడూ వేర్వేరు సంగతులు. మామూలు మాటల్లో మనం మూడింటినీ 'డాక్టరు' అనే అంటాం. ప్రభుత్వ సమాధానం ఎప్పుడూ ఆ మూడింటిలో తనకు అనుకూలమైనదాన్ని పట్టుకుంటుంది.

ఇక ప్రశ్న ప్రయాణం సంగతి. సభ్యుడు నోటీసును శాసనసభ సచివాలయానికి ఇస్తాడు. నిబంధనలకు సరిపోయిందని సభాపతి అనుమతిస్తే అది సంబంధిత శాఖకు వస్తుంది. అక్కడి నుంచి కమిషనరేట్, అక్కడి నుంచి జిల్లా, జిల్లా నుంచి మీ ఆరోగ్య కేంద్రంలోని సీనియర్ అసిస్టెంటు బల్ల మీదికి. సమాచారం మళ్లీ అదే దారిలో పైకి ఎక్కుతుంది. ఎల్‌ఏక్యూ అని పైన రాసి ఉన్న కాగితానికి ఉన్న విలువ మామూలు అర్జీకి ఉండదు. కలెక్టరుకు మీరు ఇచ్చిన వినతిపత్రం ఆరు నెలలు పడుకుంటుంది. ఎల్‌ఏక్యూ వస్తే ఆదివారం కూడా ఆఫీసు తెరుస్తారు. మీరు 'దేనికి' అని అడిగారు కాబట్టి చెబుతున్నాను. నా అనుభవంలో ప్రశ్నల వల్ల జరిగిన మంచిలో ఎక్కువ భాగం సభలో మంత్రి నోరు తెరవకముందే జరిగింది. ఒకసారి ఒక వసతిగృహంలో మరుగుదొడ్ల గురించి ప్రశ్న వచ్చింది. ఎనిమిది నెలలుగా కదలని మరమ్మతు, 'పని పూర్తయింది' అని రాయడం కోసం తొమ్మిది రోజుల్లో నిజంగానే పూర్తయింది. ఆ ప్రశ్న సభలో చర్చకు రానేలేదు. అడిగిన సభ్యుడికి ఈ సంగతి ఇప్పటికీ తెలియకపోవచ్చు.

ఈ హక్కు మనకు చాలా పాతది, పుట్టుక కూడా ముచ్చటైనది. 1892 భారత కౌన్సిళ్ల చట్టం ప్రశ్నలు అడిగే హక్కు ఇచ్చింది. మరుసటి ఏడాది, 1893 ఫిబ్రవరిలో, భింగా మహారాజా వైస్రాయ్ కౌన్సిల్లో మొదటి ప్రశ్న వేశారు. రాజ్యాధికారం గురించో యుద్ధం గురించో కాదు. పర్యటనకు వచ్చే అధికారులకు సరుకులు సమకూర్చే పద్ధతి వల్ల పల్లెటూరి దుకాణదారులు పడే ఇబ్బందుల గురించి! తెలంగాణలో వెట్టి రోజుల సంగతులు పెద్దల నోట విన్నవాళ్లకు ఆ ఇబ్బంది ఏమిటో వివరించనక్కరలేదు. అప్పట్లో అనుబంధ ప్రశ్న, అంటే వచ్చిన జవాబు మీద మళ్లీ ప్రశ్న అడిగే వీలు లేదు. అడిగింది అడిగి, చెప్పింది విని కూర్చోవాలి. 1909 సంస్కరణలతో మూల ప్రశ్న వేసినవారికి అనుబంధ ప్రశ్న హక్కు వచ్చింది. 1919 సంస్కరణల తర్వాత ఇతర సభ్యులకూ వచ్చింది. నా దృష్టిలో అసలు హక్కు అదే, 1892 నాటిది కాదు. ఎందుకో కిందికి వెళ్తే తెలుస్తుంది.

ప్రశ్నల్లో రెండు ముఖ్యమైన రకాలు. నక్షత్ర గుర్తు ఉన్నదానికి మంత్రి నిలబడి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. గుర్తు లేనిదానికి లిఖితపూర్వక సమాధానం సభ ముందు ఉంచుతారు, అంతటితో సరి. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు, 230 నక్షత్రం లేనివి. రాజ్యసభలో 15, 160. మన శాసనసభల్లో సాధారణంగా రోజుకు పది నక్షత్ర ప్రశ్నల జాబితా కనిపిస్తుంది. జాబితాలో ఉన్నవన్నీ పిలుపుకు వస్తాయని అనుకోకండి. 2019 నవంబరు 27న లోక్‌సభలో 20 ప్రశ్నలూ చర్చకు వస్తే, 1972 తర్వాత ఇదే మొదటిసారి అని పెద్ద వార్త అయింది. వరుస క్రమాన్ని లాటరీ తేలుస్తుంది. మీ ప్రశ్న జాబితా చివర్లో ఉంటే అది దాదాపు లిఖిత సమాధానమే అనుకోండి.

పిలిచినప్పుడు అడిగినవారు సభలో ఉండాలి కదా. 2009 నవంబరు 30న లోక్‌సభలో ప్రశ్నలు వేసిన సభ్యులే పెద్ద సంఖ్యలో రాకపోవడంతో ప్రశ్నోత్తరాల సమయం మధ్యలోనే ఆగిపోయింది. ఆ తర్వాత నిబంధన మార్చి, సభ్యుడు లేకపోయినా మంత్రి సమాధానం చెప్పే వీలు కల్పించారు. మన దగ్గర అంతకంటే పెద్ద ముచ్చట ఉంది. పార్టీలకు పార్టీలే సభను బహిష్కరించి ఏడాది పైగా రాని కాలాలు ఆంధ్రప్రదేశ్‌లో ఒకటికి రెండుసార్లు చూశాం. అప్పుడు ప్రశ్నలన్నీ అధికార పక్షం వాళ్లే అడుగుతారు. 'ప్రభుత్వం సాధించిన ప్రగతి ఏమిటో దయచేసి తెలియజేస్తారా' తరహా ప్రశ్నలు. మా సెక్షన్‌లో వాటిని పెళ్లిచూపుల ప్రశ్నలు అనేవాళ్లం. జవాబు ఇరువైపులకూ ముందే తెలుసు, అయినా అందరూ ముస్తాబై కూర్చుంటారు.

ప్రశ్న ఎలా రాయకూడదో నిబంధనల్లో చాలా వివరంగా ఉంది. లోక్‌సభలో 150 పదాలు దాటకూడదు. వాదన, వ్యంగ్యం, ఆరోపణ, విశేషణాలు ఉండకూడదు. అభిప్రాయం అడగకూడదు, ఊహాజనిత పరిస్థితి మీద అడగకూడదు, కోర్టు విచారణలో ఉన్నదాన్ని అడగకూడదు. ఇవన్నీ నోరు నొక్కడానికే పెట్టారని కొందరు సభ్యులు విసుక్కుంటారు. నేను ఒప్పుకోను. 'ప్రజారోగ్యాన్ని గాలికొదిలేసిన ఈ ప్రభుత్వం...' అని మొదలుపెట్టిన ప్రశ్నకు జవాబు రాయడం మాకు ఎంతో తేలిక. 'కాదండీ' అంటే చాలు. 'మార్చి 31 నాటికి' అని మొదలైన ప్రశ్న వస్తే మాకు చెమటలు పట్టేవి.

గడువు సంగతి చాలామంది మరిచిపోతారు. పార్లమెంటులో కనీసం 15 పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అసెంబ్లీలకు ఆ లెక్క కొంత వేరుగా ఉంటుంది కానీ ముందస్తు నోటీసు తప్పదు. ఆరోగ్య కేంద్రంలో గొడవ జరిగిన మర్నాడు ప్రశ్న అడగడం కుదరదు. దానికి స్వల్ప వ్యవధి ప్రశ్న ఉంది కానీ మంత్రి ఒప్పుకోవాలి. అత్యవసర విషయం మీదికి మంత్రి దృష్టి తిప్పే సావధాన తీర్మానం ఉంది, సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే జీరో అవర్ ఉంది. జీరో అవర్ నిబంధనల పుస్తకంలో లేని ఆచారం, మన దేశంలో 1960లలో పుట్టి పెరిగింది. అక్కడ మాట్లాడితే మర్నాడు పత్రికలో ఫోటో వస్తుంది. మంత్రి అక్కడికక్కడే జవాబు చెప్పితీరాలన్న నియమం లేదు. మీ ఎమ్మెల్యే 'సభలో ప్రస్తావించాను' అంటే అది ప్రశ్నా, జీరో అవరా అని మర్యాదగా అడగండి.

ఇంకొక పొరపాటు తలుపు తప్పుగా తట్టడం. ఇదే విషయాన్ని మీ ఎంపీ చేత లోక్‌సభలో అడిగిస్తే బాగుంటుందని ఎవరో సలహా ఇచ్చారని రాశారు. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. అక్కడి సమాధానం ఆ వాక్యంతోనే మొదలవుతుంది, తరచూ దానితోనే ముగుస్తుంది. ఎంపీని వాడుకోదలిస్తే జాతీయ ఆరోగ్య మిషన్ కింద మీ జిల్లాకు ఎంత కేటాయించారు, అందులో ఎంత ఖర్చయింది అని అడిగించండి. కేంద్రం డబ్బు లెక్క కేంద్రమే చెప్పాలి, తప్పించుకోలేదు. మంత్రిత్వ శాఖలను ఐదు గుంపులుగా చేసి వారంలో ఒక్కో గుంపుకు ఒక్కో రోజు కేటాయిస్తారు కాబట్టి ఆరోగ్య శాఖ వంతు ఏ రోజో ముందే తెలిసిపోతుంది.

ఇప్పుడు అనుబంధ ప్రశ్నల దగ్గరికి వద్దాం. రాసిచ్చిన సమాధానం అధికారులది. ఆ తర్వాతి పది నిమిషాలు మాత్రమే మంత్రివి. అందుకే ప్రతి నక్షత్ర ప్రశ్నకూ సమాధానంతో పాటు ఇంకో దొంతర కాగితాలు తయారుచేస్తాం. సభ్యులు ఇంకా ఏమి అడిగే అవకాశం ఉందో ఊహించి, వాటికి జవాబులు. అసలు సమాధానం నాలుగు వరుసలైతే ఈ దొంతర నలభై పేజీలు. మేము అధికారుల గ్యాలరీలో కూర్చుని, మంత్రి తడబడితే చీటీ పంపేవాళ్లం. చీటీ చేరేలోపు సభాపతి తర్వాతి ప్రశ్న పిలిస్తే ఊపిరి పీల్చుకునేవాళ్లం.

లోక్‌సభలో ప్రశ్న వేసినవారికి రెండు అనుబంధ ప్రశ్నల అవకాశం ఇస్తారు, ఆపైన ఇతరులకు సభాపతి దయ. ఆ రెంటినీ మనవాళ్లు ఎలా ఖర్చు చేస్తారో చూడాలి. 'అధ్యక్షా, మా నియోజకవర్గం చాలా వెనుకబడిన ప్రాంతం...' అని మొదలుపెట్టి మూడు నిమిషాలు ఉపన్యసిస్తారు. 'ప్రశ్న అడగండి' అని సభాపతి రెండుసార్లు గుర్తు చేస్తారు. చివరికి ఒకే ఊపిరిలో ఐదు ప్రశ్నలు వేస్తారు. ఐదు అడిగితే మంత్రి సులువైనదానికి జవాబు చెప్పి కూర్చుంటారు. మేము భయపడే సభ్యులు వేరే రకం. గొంతు పెంచరు. 'గౌరవ మంత్రిగారు రెండు పోస్టులూ భర్తీ అయ్యాయన్నారు, సంతోషం. ఆ ఇద్దరిలో నిన్న కేంద్రానికి వచ్చినవారు ఎవరు?' అని ఒక్క వాక్యం అడిగి కూర్చుంటారు. నలభై పేజీల దొంతరలో నిన్నటి హాజరు ఉండదు. సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్యగారి గురించి మా పై అధికారులు ఇలాగే చెప్పుకునేవారు. నిబంధనల పుస్తకం సభాపతికంటే ఆయనకే బాగా తెలుసని.

ఈ పద్ధతి ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే ముంద్రా వ్యవహారం చూడాలి. 1956లో పుట్టిన జీవిత బీమా సంస్థ, మరుసటి ఏడాదే హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల వాటాలను దాదాపు కోటీ ఇరవై నాలుగు లక్షల రూపాయలకు కొన్నది. విషయం లోక్‌సభకు మొదట ప్రశ్నల రూపంలోనే వచ్చింది. సమాధానాలు ముక్తసరిగా వచ్చాయి. ఆ సమాధానాలకూ వాస్తవాలకూ మధ్య ఉన్న సందులో ఫిరోజ్ గాంధీ గునపం దింపారు. 1957 డిసెంబరు 16న ఆయన చేసిన ప్రసంగంతో ప్రభుత్వం దిక్కు తోచక విచారణకు ఒప్పుకుంది. ఆయన అధికార పార్టీ సభ్యుడు, పైగా ప్రధానికి అల్లుడు. అప్పుడు సభాపతి స్థానంలో ఉన్నది మన చిత్తూరు ప్రాంతం నుంచి ఎన్నికైన అనంతశయనం అయ్యంగారు. ఆ విచారణకు వేసిన చాగ్లా కమిషన్ పని బహిరంగంగా జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. మొదటి సమాధానమే నిండుగా ఇచ్చి ఉంటే కథ అంత దూరం వచ్చేదా అని నాకు ఎప్పుడూ సందేహమే.

సమాధానంలో ఏమీ లేకపోయినా దానికి ఉపయోగం ఉంటుంది. 2020 సెప్టెంబరులో కరోనా పేరుతో పార్లమెంటులో ప్రశ్నోత్తరాల సమయాన్నే తీసేశారు, లిఖిత సమాధానాలు మాత్రం మిగిలాయి. లాక్‌డౌన్‌లో ఇళ్లకు నడిచివెళ్తూ చనిపోయిన వలస కార్మికులు ఎందరు, వారి కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అని అడిగితే, అలాంటి వివరాలు నిర్వహించడం లేదని, కాబట్టి పరిహారం ప్రశ్నే ఉత్పన్నం కాదని కార్మిక శాఖ రాసింది. మా సెక్షన్ భాషలో అది నిఖార్సైన సమాధానం. దేశమంతా దాన్ని చదివి నిర్ఘాంతపోయింది. పాలమూరు నుంచి వలస వెళ్లేవాళ్ల కష్టం తెలిసిన మనకు మరీను. నోటితో జవాబు చెప్పాల్సి ఉంటే రెండో వాక్యం ఏ మంత్రీ సభలో నిలబడి పలకలేకపోయేవారని నా నమ్మకం.

సమాధానం వచ్చాక మీ పని మొదలవుతుంది. సాధారణంగా ఇక్కడే అందరూ ఇళ్లకు వెళ్లిపోతారు. 'పరిశీలిస్తాం', 'వివరాలు సేకరిస్తున్నాం', 'పరిశీలనలో ఉంది' వంటి మాటలు మంత్రి నోట వస్తే వాటిని హామీలుగా లెక్కిస్తారు. లోక్‌సభలో హామీల కమిటీ 1953 నుంచి ఉంది. మూడు నెలల్లో హామీ నెరవేర్చాలి, లేదా గడువు పెంచమని అడగాలి. శాసనసభల్లోనూ ప్రభుత్వ హామీల కమిటీ ఉంటుంది. పత్రికల వాళ్లు దాని వైపు చూడరు, కానీ ఆ కమిటీ పిలిస్తే కార్యదర్శి స్థాయి అధికారి వెళ్లి సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకే సమాధానాల ముసాయిదాలో 'పరిశీలిస్తాం' అన్న మాట కనిపిస్తే మా పై అధికారి ఎర్ర సిరాతో కొట్టేసేవారు. అలా కొట్టేసిన మాటను అనుబంధ ప్రశ్నతో మంత్రి నోట చెప్పించగలిగితే మీ సభ్యుడు గెలిచినట్టే.

సమాధానం నిజంగానే తప్పైతే దానికీ దారి ఉంది. లోక్‌సభలో సభాపతి ఆదేశాల్లో 115వది, మంత్రి చెప్పినదాంట్లోని తప్పును సభ్యుడు రాతపూర్వకంగా ఎత్తిచూపడానికే ఉంది. తెలిసీ సభను తప్పుదారి పట్టించారని నిరూపించగలిగితే సభా హక్కుల ఉల్లంఘన నోటీసు కూడా ఇవ్వవచ్చు. మీ విషయంలో అంత దూరం వద్దు. ముందు చెప్పినట్టు ఆ సమాధానం మాట వరసకు నిజమే అయి ఉంటుంది.

మళ్లీ అడిగించండి. ప్రశ్నను మీరే రాసి ఇవ్వండి. నేనైతే ఇలా రాస్తాను:

'(అ) ఫలానా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మంజూరైన వైద్యాధికారి పోస్టులు ఎన్ని. (ఆ) వాటిలో నియమితులైనవారిలో ప్రస్తుతం డిప్యుటేషన్‌పైనా, సెలవుపైనా, ఉన్నత చదువులపైనా ఉన్నవారు ఎందరు, ఏ తేదీ నుంచి. (ఇ) గత 12 నెలల్లో ఆ కేంద్రంలో వైద్యాధికారి హాజరైన రోజులు నెలవారీగా ఎన్ని. (ఈ) సదరు డిప్యుటేషన్లను రద్దు చేసే ప్రతిపాదన ప్రభుత్వ పరిశీలనలో ఉన్నదా, అయినచో ఎప్పటిలోగా?'

ఇందులో 'వాస్తవమేనా' అన్న మాట ఎక్కడా లేదని గమనించండి. 'కాదండీ' అని రాయడానికి చోటు లేదు. చివరి భాగానికి 'అవునండీ' అంటే హామీ, 'లేదండీ' అంటే మీకు వార్త.

దీనికి ముందు ఒక పని చేయండి. సమాచార హక్కు చట్టం కింద అదే హాజరు వివరాలు మీరే తెప్పించుకోండి. 30 రోజుల గడువు ఉంది. డాక్టరు పేరు రాయకండి. 2023 డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన 8(1)(జె) నిబంధనను మార్చేసింది. చట్టసభకు నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించరాదన్న పాత వాక్యం ఆ మార్పుతో పోయింది. వ్యక్తిగత సమాచారం అనే సాకు ఇప్పుడు సులువు. పోస్టు పేరు రాసి, హాజరైన రోజుల సంఖ్య మాత్రం అడగండి. ఆ కాగితం ఎమ్మెల్యే చేతిలో ఉంటే అనుబంధ ప్రశ్న అదే తయారవుతుంది. మంత్రి చెప్పిన అంకె ఒకటి, మంత్రి శాఖే ఇచ్చిన అంకె ఇంకొకటి.

సమావేశాల తేదీలు ఖరారు కాకముందే వెళ్లండి, ఖరారయ్యాక నోటీసు గడువు చూస్తుండగానే కరిగిపోతుంది. ప్రశ్న కాగితం రెండు ప్రతులు పట్టుకెళ్లండి. ఒకటి ఎమ్మెల్యేగారికి ఇచ్చి దండం పెట్టి రండి. రెండోది ఆయన పీఏకి ఇచ్చి, నోటీసు టైపు చేసేదాకా అక్కడే కూర్చోండి.